గాజుతొట్టెలో సముద్రము

సముద్రమునకు తలుపులు లేవు, కావలివాడు లేడు. పగలును రాత్రియు, ఎండలోను వానలోను దాని అలలు లేచి పడుచునే యుండును. ఆ అలలు గాలిని నీటిలో కలుపును. ప్రవాహములు వెచ్చని నీటిని చల్లని నీటితో చేర్చును. కోట్లకొలది జీవులు విడిచిన మలినము ఆ మహాజలరాశిలో కలిసి హాని లేకుండ పోవును. ఇన్ని పనులు జరుగుచున్నను వాని కొఱకు ఎవరును మేలుకొని యుండ నక్కరలేదు.

కాని మానవుడు ఆ సముద్రమునుండి కొన్ని బిందెల నీరు తెచ్చి, గాజుపలకల నడుమ పోసి, అందు రంగురంగుల చేపలను విడిచి, తన యింటి చావడిలో నుంచుకొన్ననాడు ఆ పనులన్నియు అతని మీద పడును. విద్యుద్దీపములు వెలుగుచున్నంత కాలము ఈ సంగతి అతనికి తోచదు. తుపాను వచ్చి, తీగలు తెగి, దీపములారిన రాత్రి తోచును. అట్టి రాత్రి ఒకటి గాక రెండు మూడు వరుసగా వచ్చినచో, అతడు యజమానియో, కేవలము వినోదము కోరినవాడో తేలిపోవును.

ఉప్పునీటి చేపలతొట్టెలో అలలకు బదులు ఒక పంపు నీటిని త్రిప్పుచుండును. వడపోత యంత్రము మలినమును తొలగించును. చలిదేశములలో ఒక పరికరము నీటిని వెచ్చగా నుంచును. వేడిదేశములలో వేఱొకటి చల్లగా నుంచును. పగడపు దిబ్బల యొద్ద నివసించు చేపలకు సుమారు 25 మొదలు 27 డిగ్రీల వేడిమి హితమైనది. విద్యుత్ప్రవాహము ఆగిన క్షణముననే ఇవియన్నియు నిలిచిపోవును. అయినను చూచువారికి ఏమియు జరిగినట్లుండదు. నీరు తేటగానే యుండును. చేపలు ఎప్పటివలెనే తిరుగుచుండును. అందుచేతనే చాలమంది మొదటి గంటలను వ్యర్థము చేయుదురు.

ఆ సమయమున చేపలకు మొదట కలుగు ప్రమాదము ఆకలి కాదు, చీకటియు కాదు, ఊపిరాడకపోవుట. 25 డిగ్రీల వేడిమి గల ఒక లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. అంతే వేడిమి గల సముద్రపు నీటిలో 7 మిల్లీగ్రాములైనను ఉండదు. నీరు వేడెక్కిన కొలది ఈ పరిమాణము ఇంకను తగ్గును. ఉన్న కొంచెమును చేపలు మాత్రమే గాక, రాళ్లను అంటియున్న సూక్ష్మజీవులును పీల్చును. పగటివేళ వెలుతురులో ప్రాణవాయువును విడుచు నాచు సైతము రాత్రివేళ దానిని పీల్చుకొనును. కావున తెల్లవారుజాము మిక్కిలి గడ్డుకాలము. చేపలు నీటిమట్టమునకు వచ్చి, నోళ్లు తెఱచి, గుటకలు మ్రింగుచున్నచో అవి సహాయము కోరుచున్నవని గ్రహింపవలెను.

రెండవ ప్రమాదము విషము. చేపలు విసర్జించు మలినమునుండి అమ్మోనియా పుట్టును. దానిని అంతగా హాని చేయని పదార్థముగా మార్చు సూక్ష్మజీవులు రాళ్లయందును, వడపోత యంత్రమునందును కాపురముండును. వానికిని ప్రాణవాయువు కావలెను. మూత బిగించిన వడపోత పాత్రలో నీరు కదలక నిలిచినచో కొన్ని గంటలలోనే అందలి సూక్ష్మజీవులు చావనారంభించును, నీరు క్రుళ్లును. విద్యుత్తు తిరిగి వచ్చినదని సంతోషించి ఆ యంత్రమును అట్లే నడిపినచో, లోపలి కుళ్లునీరంతయు తొట్టెలోనికి పోవును. చీకటిలో బ్రతికిన చేపలు వెలుగు వచ్చిన పిమ్మట చచ్చుట ఈ కారణముననే. ఆ నీటిని ముందుగా పాఱబోసి, పాత్రను కడిగి, పిదప యంత్రమును నడుపుట తెలివిగలవారి పని.

యంత్రము లేనిచో ఉప్పునీటి జీవులను ఇంట కాపాడుట అసాధ్యమని కొందఱందురు. చరిత్ర అట్లు చెప్పదు. 1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునుండి సజీవమైన పగడపు జీవులను లండను నగరమునకు తెచ్చెను. సముద్రము దూరము, క్రొత్తనీరు దొరకుట కష్టము. నీటికి గాలి తగులవలెనని ఆమె ఊహించి, తెఱచిన కిటికీ యెదుట దానిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి మాటిమాటికి పోయించెను. ఒక్కొక్క పర్యాయము అరగంట మొదలు ముప్పాతిక గంటవఱకు ఆ పని సాగెడిది. ఆ పని చేసినది ఆ యింటి పనిపిల్ల. యజమానురాలి పేరు గ్రంథములలో నిలిచినది. ఆ పిల్ల పేరు నిలువలేదు. కాని పగడములకు ఊపిరి పోసినది ఆ చేతులే. 1853లో లండనులోని రీజెంట్స్ పార్కులో ప్రజల కొఱకు మత్స్యప్రదర్శనశాల తెఱచునాటికిని ఇండ్లకు విద్యుత్తు రాలేదు. ఆనాడు పాత్రయు, చేయియు, ఓపికయు చేసిన పనినే ఈనాడు పంపు చేయుచున్నది.

కావున దీపములారినపుడు చేయవలసిన పనికి పెద్ద శాస్త్రజ్ఞానము కావలసిన పని లేదు. శుభ్రమైన చెంబుతో తొట్టెలోని నీటిని ముంచి, జానెడు ఎత్తునుండి తిరిగి ఆ తొట్టెలోనే పోయుచుండవలెను. కొంతసేపు పోసి, కొంతసేపు విశ్రమించి, మరల పోయవలెను. ఇంటివారు వంతులు వేసికొన్నచో రాత్రి గడచును. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఉన్నచో శ్రమ తగ్గును. తొట్టెమీది మూతను తీసి గాలి తగులనీయవలెను. చేపలకు మేత వేయరాదు. ఆరోగ్యముగా నున్న చేప కొన్ని దినములు మేత లేకుండ బ్రతుకగలదు, కాని తినక మిగిలిన మేత క్రుళ్లి నీటిని చెఱచును. చచ్చిన జీవిని వెంటనే తీసివేయవలెను. చలిదేశములలో తొట్టెచుట్టును కంబళ్లు చుట్టుదురు. వేడిదేశములలో విసనకఱ్ఱతో నీటిమీద విసరినచో, నీరు ఆవిరియగుటవలన తొట్టె కొంత చల్లబడును. ఆవిరియైన నీటికి బదులుగా క్లోరిను కలియని మంచినీటినే పోయవలెను. ఏలయన ఆవిరియగునది నీరే గాని ఉప్పు కాదు. మంచుగడ్డను నేరుగా వేయక, మూత బిగించిన సీసాలో నుంచి తేలవేయవలెను.

ఇంత శ్రమ యెందుకు, ఒక పెద్ద జనరేటరు కొన్నచో చాలదా యని ధనవంతులు అడుగవచ్చును. జనరేటరు మంచి సాధనమే. కాని యంత్రమునకు యంత్రమే రక్షణ యని నమ్మి నిద్రించుట మంచిది కాదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున ఆడుబన్ సంస్థవారి జలజీవ ప్రదర్శనశాల కలదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను ఆ నగరమును తాకెను. ప్రదర్శనశాలకు జనరేటరు ఉండెను. ఉద్యోగులు కొందఱు లోపలనే నిలిచి జీవులను కాపాడ యత్నించిరి. కాని నగరము మునిగి, పరిస్థితి విషమించి, వారు ఆ చోటు విడువవలసి వచ్చెను, జనరేటరును విఫలమయ్యెను. సుమారు 10,000 చేపలలో చాల భాగము మరణించెను. పెంగ్వినులును, సముద్రపు నీటికుక్కలును బ్రతికి బయటపడెను. అవి గాలిని పీల్చు జీవులు. చేపలకో, నీటిలో కరగిన ప్రాణవాయువే దిక్కు. ఆ ప్రదర్శనశాల 2006 మే నెలలో మరల తెఱువబడెను.

జపాను దేశమందలి ఇవాకి నగరమున ‘ఆక్వామెరైన్ ఫుకుషిమా’ అను ప్రదర్శనశాల కలదు. 2011 మార్చి 11న భూకంపమును, దాని వెంట ఉప్పెనయు వచ్చినపుడు అచ్చట విద్యుత్తు నిలిచిపోయెను. జనరేటరు కొంతకాలము నడచినను, ఇంధనము దొరకక ఆగిపోయెను. సుమారు 2,00,000 జీవులు మరణించెను. సీలు మొదలగు జంతువులను ఇతర ప్రదర్శనశాలలకు తరలించి కాపాడిరి. 2011 జూలై 15న ఆ సంస్థ తిరిగి తలుపులు తెఱచెను. ఆ యుద్యోగులు అశ్రద్ధ చేసినవారు కారు. ప్రకృతి కోపించినపుడు తీగలును, దారులును, ఇంధనమును ఒక్కసారియే తెగిపోవునని ఈ రెండు ఉదంతములును తెలుపుచున్నవి.

ఇంతటి సంస్థలకే తప్పని నష్టమునకు సామాన్యుని బాధ్యుని చేయుట న్యాయమా యని ప్రశ్న కలుగును. ఇందు ఒక భేదము కలదు. పెద్ద తొట్టెలో వేలకొలది చేపలకు చెంబుతో గాలి నందించుట ఎవరి తరము కాదు. ఇంటి తొట్టెలో అది సాధ్యము. అయితే అది సాధ్యముగా నుండునట్లు యజమాని ముందే చూచుకొనవలెను. నీరు ఎక్కువగాను, చేపలు తక్కువగాను ఉన్న తొట్టెలో ప్రాణవాయువు ఎక్కువసేపు నిలుచును. విషము మెల్లగా పెరుగును. అందము కొఱకు చేపలను క్రిక్కిరిసినట్లు నింపిన తొట్టెలో తీరిక యుండదు. ఎన్ని చేపలను కొనగలడో కాదు, దీపము లేని రాత్రి తన చేతులతో ఎన్నింటిని బ్రతికించుకొనగలడో అదియే ప్రతివాడును పెట్టుకొనవలసిన కొలత.

పోయినవి చేపలే గదా, మరల కొనవచ్చునను మాటయు వినబడుచుండును. ఆ మాట కఠినమైనది. ఇండ్లలో పెంచు సముద్రపు చేపలలో కొన్ని జాతులు మాత్రమే మానవుల పోషణలో పుట్టి పెరుగును. తక్కిన జాతులలో అధికభాగము పగడపు దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. చచ్చిన చేపకు బదులు మఱియొకటి కొనుట యనగా సముద్రమునుండి మఱియొకదానిని తీయించుట. భారతదేశమున రాతిపగడములకును, సముద్రపు గుఱ్ఱములకును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ నిచ్చుచున్నది; వానిని ఇంట నుంచుకొనుటయే తగదు. తక్కిన జీవులకు చట్టము తోడు లేకున్నను యజమాని మనస్సు తోడు ఉండవలెను. అడవిలోని లేడి వేసవిలో నీటికై వేఱొక మడుగునకు పోగలదు. కట్టివేసిన ఆవు పోలేదు. తొట్టెలోని చేపయు అట్టిదే. దాని దారులన్నిటిని మూసినవాడే దానికి దారి చూపవలెను.

తెలుగునాటి తీరమునకు తుపానులు క్రొత్త కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్ స్తంభములు వేలకొలది కూలెను. పెక్కు ప్రాంతములు దినముల తరబడి చీకటిలో నుండెను. అట్టి ఘడియలో మొదట మనుష్యులు, పిదప పశువులు, ఆ పిదపనే చేపలు. ఈ వరుసను ఎవరును కాదనరాదు. చేపలకై జనరేటరును మూసిన గదిలో నడుపుట మఱింత అవివేకము. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వాసన లేకయే ప్రాణములు తీయును. కాని ముందుగా సిద్ధపడినవానికి మనుష్యులను విడిచి చేపలను చూడవలసిన అవసరము రాదు. బ్యాటరీ పంపు, శుభ్రమైన చెంబు, నిలువ యుంచిన ఉప్పునీరు, పని తెలిసిన ఇంటివారు—ఇవి యున్నచో చాలును. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వబూనువానికి ఇవి యేవియు దొరకవు.

గాజుతొట్టె ముందు నిలిచి దానియందలి అందమునకు ఆనందింపని బాలుడుండడు. అట్టి తొట్టె తన కొకటి కావలెనని అతడు కోరుటయు తప్పు కాదు. అయితే దానిని కోరుటకు ముందు ఒక రాత్రి తన గడియారముతో మేలుకొని, గంటకు నాలుగుమార్లు లేచి, చెంబుతో నీరు ముంచి పోయగలనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. పోయగలనని నిజముగా తోచినవాడు ఆ తొట్టెకు అర్హుడు. తోచనివాడు తీరమునకు పోయి, సముద్రమునందే ఆ చేపలను తలచుకొని, సంతోషముతో ఇంటికి మరలి రావచ్చును.