వికల్పం నిత్యం కాగలదా?



తెలుగు పండితునికి అమెరికా ఫుట్‌బాలుతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చును. పని ఉన్నది. ఆ ఆటలో ఏళ్ల తరబడి తెగని వాదమొకటి మన వ్యాకరణ పరిభాషలో చెప్పుకుంటే సులువుగా తెగుతుందని నా నమ్మకం. కళాశాలల ఆటలో దశాబ్దాల పాటు వెలుగొందిన 'ఆప్షన్' పరుగు పద్ధతి, వృత్తి క్రీడాకారుల లీగైన ఎన్.ఎఫ్.ఎల్.లో నెగ్గుతుందా, నెగ్గదా? ఇదీ ఆ వాదం.

ఆట తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. ఇరువైపులా పదకొండేసి మంది. మామూలు పరుగులో క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనుకనున్నవానికి అందించి పక్కకు తప్పుకుంటాడు. అందించినవాడు, అందుకున్నవాడు పోగా దారి కాచేందుకు మిగిలేది తొమ్మిదిమంది. పట్టుకోవడానికి ఎదుట పదకొండుమంది! ఈ లెక్కలోని లోటును పూడ్చడానికి పుట్టినదే ఆప్షన్. ఎదుటి జట్టులో ఒకడిని కావాలనే అడ్డుకోకుండా వదిలివేస్తారు. క్వార్టర్‌బ్యాక్ కన్ను అతని మీదనే ఉంటుంది. అతడు బంతి అందుకోబోయేవాని మీదికి దూకితే, క్వార్టర్‌బ్యాక్ బంతిని తన వద్దనే ఉంచుకొని ఖాళీ అయిన దారిన పరుగెత్తుతాడు. అతడు క్వార్టర్‌బ్యాక్ కోసమే కాచుకొని నిలిస్తే, బంతి రెండవవానికి చేరుతుంది. 'ట్రిపుల్ ఆప్షన్'లో పక్కనే పరుగెత్తే మూడవవానికి విసిరే అవకాశం కూడా ఉన్నది. ఎటు అడుగు వేసినా తప్పే అయ్యే స్థితిలో ఎదుటివానిని నిలబెట్టడమే ఇందులోని కిటుకు.

1968లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో, డారెల్ రాయల్ ప్రధాన శిక్షకుడుగా ఉండగా, ఎమరీ బెల్లార్డ్ దీనికి 'విష్‌బోన్' అనే రూపమిచ్చాడు. ఓక్లహోమా ఆ వ్యూహాన్నే అందిపుచ్చుకొన్నది. నెబ్రాస్కాలో టామ్ ఆస్బోర్న్ తనదైన ఆప్షన్ పద్ధతితో 1990లలో మూడుమార్లు జాతీయ విజేతగా నిలిచాడు. సైనిక విద్యాసంస్థల జట్లు తమకన్న భారీ దేహాలున్న జట్లను దీనితోనే ఎదుర్కొంటూ వచ్చాయి.

మరి ఎన్.ఎఫ్.ఎల్.లో ఎందుకు కుదరదంటారు? అక్కడి ఆటగాళ్ల వేగం ముందు ఈ యుక్తులు చెల్లవని మొదటి మాట. ఇది సగమే నిజం. వేగం ఒకవైపుననే ఉండదు కదా, పరుగెత్తేవాడూ వేగవంతుడే! నాకు బలంగా తోచే కారణాలు వేరే ఉన్నాయి.

ఒకటి, మైదానం. కళాశాలల ఆటలో బంతిని ఉంచే రెండు గీతల వరుసల నడుమ దూరం 40 అడుగులు. ఎన్.ఎఫ్.ఎల్.లో అది పద్దెనిమిదిన్నర అడుగులు మాత్రమే. కళాశాలలో బంతి ఒక అంచుకు జరిగినప్పుడు రెండవ వైపున విశాలమైన ఆవరణ మిగులుతుంది. ఆప్షన్ పంట పండేది ఆ పొలంలోనే. వృత్తి ఆటలో బంతి ఎప్పుడూ నడిమి దాపుననే ఉంటుంది గనుక ఆ విశాలత దొరకదు.

రెండు, కాలం. కళాశాల విద్యార్థులకు వారానికి 20 గంటలకు మించి సాధన చేసే వీలు లేదు. ఏడాదికొకసారి ఎదురయ్యే ఆప్షన్ జట్టు కోసం కొద్ది రోజుల్లో సిద్ధం కావడం వారికి గగనం. వృత్తి ఆటగానికి అదే ఉద్యోగం. 2008 సెప్టెంబరులో మయామీ డాల్ఫిన్స్ 'వైల్డ్‌క్యాట్' అనే దగ్గరి బంధువు లాంటి యుక్తితో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 38-13తో దిమ్మెరపోయేలా చేసింది. తరువాత లీగంతా దానిని చదివేసింది. అది మళ్ళీ అంతటి ఆయుధం కాలేదు.

మూడు, దేహం. ఇదే అన్నిటికన్న బరువైనది. 2012లో వాషింగ్టన్ జట్టులో రాబర్ట్ గ్రిఫిన్ తొలి ఏడాదిలోనే 815 గజాలు పరుగెత్తి ఉత్తమ నూతన ఆటగాడుగా నిలిచాడు. 2013 జనవరిలో సియాటిల్‌తో జరిగిన పోటీలో అతని మోకాలు దెబ్బతిన్నది. ఆ తొలి ఏటి వెలుగు తిరిగి రాలేదు. పదిహేడు పోటీల ఋతువులో ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్‌ను దెబ్బలకు ఎదురు పంపడం విత్తనాల గాదెను వంటకు వాడుకోవడమే.

ఇంతవరకు చదివి 'అయితే నెగ్గదన్నమాట' అనుకోవద్దు. ఇక్కడే మన వ్యాకరణం అక్కరకు వస్తుంది. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం, చేయక తప్పదు. ఏమ్యాదుల ఇత్తుకు వైకల్పికం. 'ఏమంటివి' అన్నా ఒప్పే, 'ఏమియంటివి' అన్నా ఒప్పే. ఆప్షన్ అనే మాటకు అర్థమే వికల్పం. కళాశాలల వారు దానిని నిత్యం చేశారు, చెల్లింది. వృత్తి ఆటలో నిత్యం చేస్తే చెల్లదు. వైకల్పికంగానే ఉంచితే చెల్లుతుంది, చెల్లింది కూడా.

నిదర్శనం బాల్టిమోర్ రేవెన్స్. 2019లో ఆ జట్టు 3,296 గజాలు పరుగెత్తి లీగు చరిత్రలోనే రికార్డు నెలకొల్పింది. అందులో 1,206 గజాలు క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌వి. ఆ స్థానంలోనివారికి అదీ రికార్డే. అయితే ఆ ఏడాది లీగులో అత్యధికంగా 36 టచ్‌డౌన్ పాసులు విసిరినవాడూ అతడే! పరుగుకు భయపడి ముందుకు జరిగిన రక్షకుల తలల మీదుగా బంతి వెళ్ళింది. 14 గెలుపులు, 2 ఓటములు. ఇది నెగ్గడం కాకపోతే మరేమిటి?

ప్రతివాది వెంటనే 2020 జనవరిని గుర్తు చేస్తాడు. టెనెసీ టైటన్స్ చేతిలో 28-12తో అదే జట్టు ఇంటిదారి పట్టింది. నిజమే. ఆరంభంలోనే 14 పాయింట్లు వెనుకబడిన జట్టుకు పరుగుతో తీరిగ్గా గడియారం నడిపే వీలు లేకపోయింది, జాక్సన్ 59 పాసులు విసరవలసి వచ్చింది. నేను దీనిని వికల్పపు ఓటమి అనను. వికల్పం చేజారిన జట్టు ఓటమి అంటాను. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగల్స్ 40-22తో సూపర్ బౌల్ గెలిచినప్పుడు, ఆ జట్టు అమ్ములపొదిలో ఈ రకపు పరుగు ఒక అమ్ము మాత్రమే. సేక్వాన్ బార్క్లీ ఆ ఋతువులో 2,005 గజాలు పరుగెత్తడానికి, క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తానే పరుగెత్తవచ్చునన్న భయం కొంత తోడ్పడినదని నా అభిప్రాయం. వాడని వికల్పానికీ విలువ ఉన్నదన్నమాట.

చివరగా ఒక మాట. ఈ వాదం వ్యూహానికి సంబంధించినదే అయితే నేనింత వ్రాసేవాణ్ణి కాను. 2018లో జాక్సన్ ఎంపికకు వచ్చినప్పుడు, ఇతడు క్వార్టర్‌బ్యాక్ పనికి తగడు, బంతి అందుకునే స్థానానికి మారితే మేలని కొందరు అనుభవజ్ఞులు తేల్చారు. తొలి విడతలో చిట్టచివరి, 32వ ఎంపికగా అతడికి చోటు దక్కింది. కాళ్ళలో వేగమున్న నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లకు ఈ సలహా అంతకుముందు ఎన్నిమార్లు వినిపించిందో ఆ ఆట చరిత్ర తెలిసినవారికి తెలుసు. మరుసటి ఏడే ఓటర్లందరూ ఏకగ్రీవంగా అతడినే లీగులో అత్యుత్తముడన్నారు. 'ఈ పద్ధతి ఇక్కడ చెల్లదు' అనే వాక్యం ఎంత త్వరగా 'ఈ మనిషి ఇక్కడ చెల్లడు'గా మారుతుందో చూడండి. ముప్పయ్యేళ్ళకు పైగా బడిపిల్లల మధ్య గడిపినవాణ్ణి. ఆ మార్పు నాకు బాగా పరిచయం. పద్ధతిని పరీక్షించండి, మనిషికి ముందే తీర్పు చెప్పకండి.

కనుక నా తీర్మానం: ఆప్షన్ వృత్తి ఆటలో నిత్యం కాదు, నిషేధమూ కాదు, వైకల్పికం. భిన్నాభిప్రాయమున్నవారు, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ ఈ ఆటను కళ్ళారా చూస్తున్న మిత్రులు, తమ వాదం వ్యాఖ్యలలో వినిపించగలరని మనవి.