ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ నుంచి సాగర్‌కి

జూలైలో మబ్బు పట్టి పడమటి గాలి లేచిందంటే మల్కాజ్‌గిరిలో మా డాబా మీద ఆరేసిన బెడ్‌షీట్ బుస్సున ఉబ్బుతుంది. ఇంట్లో వాళ్లకు అది బెడ్‌షీటే. నాకు మాత్రం తెరచాప. "క్లిప్పులు పెట్టండి, ఎగిరిపోతది" అని మా ఆవిడ కింది నుంచి అరిచేదాకా అట్లే చూస్తూ నిలబడతా.

నేను ఓయూలో పీజీ చేసే రోజుల్లో తార్నాకకు ఇంకా మెట్రో రాలేదు. ఆదివారం పొద్దున మా హాస్టల్ బ్యాచ్ నలుగురం ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కేవాళ్లం. ఐదు రూపాయల టికెట్. సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్ దాటితే సంజీవయ్య పార్క్. అక్కడ దిగితే హుస్సేన్ సాగర్. అందరూ లుంబినీ పార్క్ దగ్గర స్పీడ్ బోటు ఎక్కి సెల్ఫీలు దిగుతుంటే మేం అదే నీళ్లలో ఇంజన్ లేని పడవలు నడపడం నేర్చుకున్నాం. ఒకడికి తెలిసిన సెయిలింగ్ కోచ్ ఉండడం వల్ల ఆ అదృష్టం. అమ్మకి ఫోన్‌లో చెప్తే, "బుద్ధుణ్నే ముంచుకున్న చెరువు రా అది!" అంది. 1990లో మునిగిన విగ్రహాన్ని 1992లో పైకి తీశారు కదమ్మా అంటే, "నిన్నెవరు తీస్తరు?" అంది. దానికి నా దగ్గర ఆన్సర్ లేదు.

మావి ఎంటర్‌ప్రైజ్ పడవలు. పొడవు నాలుగు మీటర్లు, నీలం తెరచాపలు, పడవకి ఇద్దరు. ఒకడు చుక్కాని పట్టాలి, ఇంకొకడు ముందు తెరచాప చూసుకుంటూ పడవ ఒరిగినప్పుడల్లా ఎదురు అంచు మీద కూర్చుని వెనక్కి వాలాలి. గాలికి ఎదురుగా సూటిగా పోవడం ఏ తెరచాప పడవ వల్లా కాదు. ఏటవాలుగా కాసేపు ఇటు, కాసేపు అటు, పాము మెలికల్లా పోవాలి. తిరిగిన ప్రతిసారీ తెరచాప కింది కర్ర నెత్తి మీది నుంచి సర్రున వెళ్తుంది. వంగకపోతే బొప్పి ఖాయం. సాగర్‌లో ఇంకో తిరకాసు కూడా ఉంది. చుట్టూ బిల్డింగులు కాబట్టి గాలి ఒక్క తీరుగా ఉండదు. అటు నుంచి వస్తుందనుకుంటే ఇటు నుంచి కొడుతుంది. బోల్తా పడ్డ రోజు నీళ్ల సంగతి... వద్దులెండి, మీరు టిఫిన్ చేస్తూ చదువుతుండొచ్చు.

ఈ ఆటలో నన్ను పట్టేసింది మాత్రం రూల్స్. నీళ్ల మీద అంపైర్ ఉండడు. కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకి ఎడమ గాలి పడవ దారివ్వాలి. మలుపు దగ్గర తేలే బోయాకి పడవ తాకిందా, తాకినోడే ఒప్పుకుని అక్కడే ఒక రౌండు తిరిగి, మళ్లీ రేసులో కలవాలి. ఎదుటోడు చూస్తే "ప్రొటెస్ట్!" అని అరవొచ్చు. ఎవరూ చూడలేదంటే ఇక నువ్వూ, నీ మనసూ.

ఆ సీజన్ చివర్లో మా క్లబ్బు ఒక జంటని చెన్నై రేసుకి పంపుతామంది. ఫైనల్‌కి మిగిలింది మా గ్యాంగే. ఒక పడవలో నేనూ, మా నల్గొండోడూ. ఇంకోదాంట్లో సిద్దిపేటోడూ, వాడి రూమ్మేటూ. (హాస్టల్లో పేర్లెవరికి కావాలి, ఊళ్లు చాలు.) చివరి బోయా దగ్గర మేమే ముందు. వెనక వాళ్లు రెండు పడవల దూరంలో ఉన్నారు. నేను మరీ దగ్గరగా తిప్పాను. పడవ పక్క బోయాకి మెత్తగా రాసుకుంది. చప్పుడు కూడా రాలేదు.

నల్గొండోడు నా వైపు తిరిగి, "రౌండు కొట్టు రా" అన్నాడు.

"ఎవడు జూశిండు?"

"రౌండు కొట్టు."

కొట్టలేదు. తిరిగితే ఓ ఇరవై సెకన్లు పోతాయి. మేం గెలిచింది అంతకన్నా తక్కువ తేడాతోనే. ఒడ్డుకి రాగానే సిద్దిపేటోడు నా వీపు మీద చరిచి, "పో మామా, చెన్నైల కుమ్మేయ్" అన్నాడు.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా నల్గొండోడు పై బెర్తులో అటు తిరిగి పడుకున్నాడు. సముద్రం చెరువు లాంటిది కాదు. గాలి బానే ఉంటుంది గానీ, అల పడవని ఎత్తి కింద కుదేస్తుంది. చివరి నుంచి రెండోవాళ్లం మేం. ప్రతి బోయా దగ్గరా బారెడు దూరం నుంచి తిప్పాను, అదీ ఒక కారణం.

తిరిగొచ్చాక వారం ఆగి, తార్నాకలో చాయ్ తాగుతూ సిద్దిపేటోడికి విషయం చెప్పేశాను. వాడు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, మెత్తబడేదాకా ఉంచి, తిన్నాడు.

"నాకు ఎర్కే. జూశిన."

"మరి ప్రొటెస్ట్ అని అరవలే?"

"నువ్వు తిప్పుతవేమో అని జూసిన. లైన్ దాకా జూసిన."

బిల్లు వాడే కట్టాడు. ఆగస్టులో ఉద్యోగం వచ్చి పుణె వెళ్లిపోయాడు. మళ్లీ పడవ ఎక్కలేదు. దానికీ దీనికీ సంబంధం లేదనే అంటాడు.

సాగర్‌లో ఇప్పటికీ జూలై వస్తే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది. ఈ నీళ్లలో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ దాకా వెళ్లింది. మీలో ఎవరికైనా ఇంట్రెస్ట్ ఉంటే సీజన్‌లో ఓ ఆదివారం అటు వెళ్లి చూడండి. ఒడ్డు నుంచి చూడడానికి పైసా ఖర్చు లేదు.

మొన్న సిద్దిపేటోడు వీడియో కాల్ చేశాడు. వాళ్ల పాప ఫోన్‌లో మొహం పెట్టి ఎవరు నాన్నా అని అడిగింది. "వీడే బిడ్డా, చెన్నై పోయిన మామ" అన్నాడు. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఈలోపు డాబా మీద బెడ్‌షీట్ టపటపా కొట్టుకుంటోంది. క్లిప్పులు పెట్టాలని ఫోన్ కట్ చేశాను.