విహారం వెనుక శ్రమ

విహారం మనస్సుకు ఉల్లాసాన్నిస్తుంది. ఆ ఉల్లాసం వెనుక ఎందరో శ్రామికుల స్వేదం ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ విహారనౌకను కరోనా కారణంగా నిర్బంధించారు. అందులోని సుమారు 3,700 మందిలో 700 మందికి పైగా వ్యాధి సోకింది. ప్రయాణికులు తమ గదులకే పరిమితమయ్యారు. వందమందికి పైగా భారతీయులున్న సిబ్బంది మాత్రం ఇరుకు గదులను పంచుకుంటూనే, ప్రయాణికుల వాకిళ్ళకు ఆహారాన్ని చేరవేశారు. అదే ఏడాది సెప్టెంబరులో డిస్నీ సంస్థ అమెరికాలో 28,000 మంది ఉద్యోగులను తొలగించనున్నట్లు ప్రకటించింది. వారిలో అత్యధికులు పార్ట్‌టైమ్ ఉద్యోగులే.

అతిథిని దేవునిగా భావించే సంప్రదాయం మనది. ఆ అతిథికి సేవచేసేవానిని మనిషిగానైనా గుర్తించవద్దా? లాభకాలంలో వారి శ్రమను అనుభవించిన సంస్థలు, ఆపత్కాలంలో వారికి వేతనాన్నీ వైద్యాన్నీ సమకూర్చడం కనీస ధర్మం.