కూలి చేతికందాకే వేలిముద్ర

ఇల్లు కట్టినవాడికి ఆ ఇంటి మీద ఏం హక్కుంది? మన దేశంలో అయితే ఏమీ లేదు. గృహప్రవేశం అయిపోయాక బాకీ కూలి కోసం గేటు దగ్గర నిలబడితే కాపలావాడు తరుముతాడు. మేస్త్రీని అడిగితే కాంట్రాక్టరు ఇవ్వలేదంటాడు. కాంట్రాక్టరు బిల్డరు మీదికి నెడతాడు. బిల్డరేమో ఫ్లాట్లు అమ్ముడుపోలేదంటాడు. తట్ట మోసింది నిజం, స్లాబు పడింది నిజం, కూలి ఒక్కటే అబద్ధం!

అమెరికాలో దీనికొక చట్టముంది. ‘మెకానిక్స్ లియన్’ అంటారు. మెకానిక్ అంటే మోటార్లు బాగుచేసేవాడు కాదు, పాత ఇంగ్లీషులో చేతిపనివాడు. పని చేసినవాడికి, సరుకు ఇచ్చినవాడికి డబ్బు రాకపోతే ఆ బాకీ కట్టడం మీద, దాని కింది స్థలం మీద పడుతుంది. యజమాని అమ్మబోయినా, తాకట్టు పెట్టబోయినా అది అడ్డం నిలుస్తుంది. అప్పటికీ తీర్చకుంటే కోర్టుకెక్కి ఆస్తిని వేలం వేయించొచ్చు. కాలిఫోర్నియా అయితే 1879 నాటి తన రాజ్యాంగంలోనే ఈ హక్కు రాసుకుంది. అక్కడ కూలివాడు ముందస్తు నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు. పని పూర్తయిన 90 రోజుల్లోగా బాకీని రిజిస్టరు చేయించాలి. పని అయిపోయిందని యజమాని నోటీసు నమోదు చేస్తే 30 రోజులే గడువు. ఆపైన 90 రోజుల్లో దావా వేయాలి. లేకుంటే హక్కు పోయినట్టే.

ఈ చట్టం ఎలా పుట్టిందో కూడా తెలుసుకోవాలి. 1791లో వాషింగ్టన్ రాజధాని కట్టడానికి పనివాళ్లు ముందుకు రావాలని మేరీలాండ్ రాష్ట్రం మొదటిసారి దీన్ని తెచ్చింది. అదే ఊళ్లో అధ్యక్ష భవనానికీ చట్టసభకూ రాళ్లు తీసి, కలప కోసిన నల్లజాతి బానిసల కూలి మాత్రం వాళ్ల యజమానుల జేబుల్లోకి పోయింది. అంటరాని శ్రమ ఏ దేశంలోనైనా లెక్క బయటే!

సరే, హక్కు వచ్చింది. ఆస్తిపరులు ఊరుకుంటారా? ‘వేవర్’ అనే కాగితం పుట్టింది. ‘నాకు ముట్టింది, నా హక్కు వదులుకుంటున్నాను’ అని సంతకం పెట్టించుకోవడం. ముందు సంతకం, తర్వాత చెక్కు. చెక్కు చెల్లకపోతే? డబ్బూ లేదు, హక్కూ లేదు.

అందుకే కొన్ని రాష్ట్రాలు అడ్డుకట్ట వేశాయి. కాగితంలో ఏం రాయాలో ఓ డజను రాష్ట్రాలు చట్టంలోనే నిర్ణయించాయి. కాలిఫోర్నియాలో నాలుగు నమూనాలున్నాయి. మధ్యమధ్య ఇచ్చే బిల్లుకు రెండు, ఆఖరి బిల్లుకు రెండు. ప్రతి జతలో ఒకటి షరతుది, డబ్బు నిజంగా ముడితేనే ఆ సంతకం చెల్లుతుంది. రెండోది షరతు లేనిది. డబ్బు రాకపోయినా ఈ సంతకం మిమ్మల్ని కట్టేస్తుందన్న హెచ్చరిక దాని మీద ఉండి తీరాలి. టెక్సాస్‌లో డబ్బు ఇవ్వకుండా షరతు లేని కాగితం అడగడమే చట్టవిరుద్ధం. హక్కు వదులుకుంటానని ముందే ఒప్పందం రాయించుకుంటే న్యూయార్కులో అది చెల్లదు.

దీన్ని చూసి అమెరికాను నెత్తికెత్తుకోమని మేం అనడం లేదు. ఈ హక్కును ఎక్కువగా వాడుకునేది చిన్న కాంట్రాక్టర్లు, సరుకు వ్యాపారులు. ప్రభుత్వ భవనాల మీద ఇది నడవదు. కేంద్ర ప్రభుత్వ పనులకైతే 1935 చట్టం ప్రకారం కాంట్రాక్టరు బాండు ఇవ్వాలి. కానీ డబ్బు ముట్టకముందే ముట్టిందని రాయించుకోవడం మోసమని ఆ చట్టాలు గుర్తించాయి. మన చట్టాలు గుర్తించాయా?

మన 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చూడండి. కోటు కుట్టిన దర్జీ, వజ్రం సానపట్టిన నగల పనివాడు కూలి ఇచ్చేదాకా వస్తువు తన దగ్గరే ఉంచుకోవచ్చట. మంచిదే. మరి పునాది తవ్విన వడ్డెర, కాంక్రీటు మోసిన మాదిగ, మాల ఏం ఉంచుకోవాలి? బిల్డింగుని ఒళ్లో పెట్టుకుని కూచోలేరు కదా! కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలని 1970 చట్టం చెప్పింది. 2025 నవంబరు నుంచి దాని స్థానంలో అమలైన కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అయితే కూలి రాలేదని తేలాలి. తేల్చుకుందామని వెళ్తే ఎదుటివాడు తీసి చూపించేది వోచరే. దాని మీద మన వేలిముద్రే!

పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట వెళ్లినవాళ్లకు ఖాళీ వోచరు అంటే ఏమిటో మేం చెప్పక్కర్లేదు. అది మన వేవర్. హెచ్చరిక కూడా లేని వేవర్.

చెల్లించని కూలి కట్టడం మీద బాకీగా నిలవాలి. కూలి ముట్టిందని రుజువు చూపనిదే ఫ్లాటు రిజిస్ట్రేషన్ జరగకూడదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం నేరం కావాలి. ఇవి మా డిమాండ్లు. శాసనసభ్యులు ఓట్లకు వాడల్లోకి వచ్చినప్పుడు ఈ మూడూ ముఖం మీదే అడగండి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూచోవద్దు. అన్నలారా, అక్కలారా! డబ్బు లెక్కపెట్టుకున్నాకే వేలు ఆనించండి. అంకె వేయని వోచరు ముట్టుకోవద్దు. తప్పనిసరై పెడితే సెల్లుతో ఫొటో తీసుకోండి. ఈ పక్షం అడ్డాల మీదికి పోయే కార్యకర్తలు తలా ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఎన్ని హాజరీలు, ఎంత బాకీ, ఏ స్థలం, ఎవరి పేరు మీదుంది అన్నది కూలివాళ్లు చెబుతుంటే రాయండి. రాసింది వాళ్లకు మళ్లీ చదివి వినిపించండి.