ముసురు ఏటి బెల్లం ఆవకాయ

ఆవకాయకు వయసుతోపాటు పుట్టిన ఏడాదీ ముఖ్యమే. గోదావరి జిల్లాల బెల్లం ఆవకాయ విషయంలో ఇది మరీ నిజం. అందులో సగం పని పొయ్యిది కాదు, మే నెల ఎండది!

2022 అలాంటి గడ్డు ఏడాది. సరిగ్గా జాడీలు కడిగి ఆరబెట్టుకునే వేళకు 'అసని' తుపాను వచ్చింది. బలహీనపడి మే 11న మచిలీపట్నం, నర్సాపురం మధ్య తీరాన్ని తాకింది. గాలివానకు రాలిన కాయతో తంటా ఏమిటో పచ్చళ్లు పెట్టేవారికి తెలుసు. టెంక ముదరదు. దెబ్బ తగిలినచోట ముక్క మెత్తబడుతుంది. మామూలుగా మూడోనాడు ఊటలోంచి ముక్కలు తీసి ఎండబెడతారు. బెల్లం కరిగిన ఊటనూ పళ్లేల్లో పోసి పాకంలా చిక్కబడేదాకా ఎండలో ఉంచుతారు. ఎండే లేకపోతే తడి మిగులుతుంది. తడి ఉన్నచోట బూజు!

ఫ్రాన్స్‌లోని సోటెర్న్‌లో చేసే తీపి తెల్ల వైన్‌కు మాత్రం బూజే ప్రాణం. బోట్రైటిస్ అనే బూజు పట్టి ద్రాక్ష వడలితేనే తీపి చిక్కబడుతుంది. వానలు ముదిరితే అదీ కుళ్లే. అందుకే పేరుమోసిన షతో డికెమ్ వాళ్లు 2012 పంటతో తమ పేరున వైన్ విడుదల చేయనేలేదు. వాళ్లు మానేయగలరు. ఏడాది పొడుగునా అన్నంలోకి ఆవకాయ కావాల్సిన ఇంట్లో ఆ వీలెక్కడిది?

ఆ ఏడు కొత్తపల్లి కొబ్బరి కాయతో పెట్టిన జాడీ అడుగున మిగిలింది ఈమధ్య బంధువులింట్లో రుచి చూశాను. ఎరుపు పోయి పాత చింతపండు రంగు తేలింది. వాసెన విప్పితే ఆవఘాటు లేదు, బెల్లం, పప్పునూనె కలిసిన కమ్మటి వాసన. ముక్క మాత్రం ఓడిపోయింది. కొరికితే సాగాల్సింది మెత్తగా జారిపోయింది. అది ముసురు పెట్టిన లోటు. పాకం గెలిచింది! ముందు తీపి, వెనక పులుపు, చివర్న కారం. ఏదీ విడిగా పొడుచుకురాలేదు. వేడన్నంలో నెయ్యి వేసి కలిపితే రెండో ముద్ద అడక్కుండానే దిగింది.

ఇంటావిడ చేసిందల్లా ఇదే... మెత్తబడిన కాయల్ని పప్పులోకి తీసేశారు. మిగతావి పొడిగుడ్డతో తుడిచి కోశారు. ఎండ రాకపోయేసరికి ఊటను సన్నసెగమీద చిక్కబరిచి, పూర్తిగా చల్లారాకే ముక్కలు కలిపారు. ఉప్పు దగ్గర పిసినారితనం చూపలేదు.

ఈసారి మీరూ జాడీమీద ఏడాది రాసి ఉంచండి. బూజు కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా పారేయండి. లేదంటే కాస్త ఆగి చూడండి. గడ్డు ఏటి పచ్చడికీ మంచిరోజు వస్తుంది.