ఖరీదైన కొవ్వే మంచి కొవ్వన్న భ్రమ

ఒంటికి మేలు చేసే కొవ్వు అనగానే ఇవాళ తెలుగు ఇళ్ళలో ముందు గుర్తొచ్చేవి బాదం, అక్రోటు, ఆలివ్ నూనె. పాలంటే వెన్న తీసిన పాలో, బాదం పాల ప్యాకెట్టో. పల్లీలు తింటే పైత్యమంటారు, నువ్వులు వేడంటారు, గేదె పాలు తాగితే కొలెస్టరాల్ అంటారు. నగరాల అంగళ్ళలో బలపడిన ఈ అభిప్రాయం నూనెగింజలు పండే ఊళ్ళ దాకా పాకింది. అది ఎక్కువ నష్టం చేస్తున్నదీ అక్కడే. కొవ్వు మంచిచెడులను మూడు విషయాలు తేలుస్తాయి: అందులో ఉన్న కొవ్వు ఆమ్లాలు, తినే మోతాదు, నిల్వ చేసి వండే తీరు. ధరకు ఈ లెక్కలో చోటు లేదు.

ఈ మాట నిగ్గు తేల్చుకోవడానికి కర్ణాటకలోని రాయచూరు జిల్లా, దేవదుర్గ తాలూకా జాలహళ్ళి తగిన చోటు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. కన్నడంతో పాటు తెలుగూ వినిపించే నేల. నారాయణపుర కుడికాలువ దేవదుర్గ తాలూకాకు నీళ్ళిచ్చినా, ఈ ప్రాంతపు తిండి అలవాట్లు మాత్రం మెట్ట సేద్యం నేర్పినవే. జొన్న రొట్టె పక్కన శేంగా చట్నీ పొడి, గురెళ్ళ పొడి, అగసె పొడి ఉంటాయి. తెలుగు జిల్లాల్లో వాటినే పల్లీల పొడి, వెర్రినువ్వుల పొడి, అవిసెల పొడి అంటారు. గుత్తివంకాయలో కూరేది పల్లీలు, నువ్వుల ముద్ద. భోగినాడు నువ్వులద్దిన సజ్జ రొట్టె చేస్తారు. ఉత్తర కర్ణాటక మెట్ట పొలాల్లో కుసుమ పాత పంట, కుసుమ నూనె పాత వంట నూనె. మంచి కొవ్వు కోసం ఇలాంటి భోజనం వదిలి బజారుకు వెళ్ళాలన్నది ప్రచారంలో ఉన్న వాదం. దాన్ని ఒక్కొక్క పదార్థంగా పరిశీలించాలి.

ముందు నూనె. ఆలివ్ నూనె కీర్తికి ఆధారం లేకపోలేదు. స్పెయిన్‌లో 7,447 మందిపై జరిగిన ప్రెడిమెడ్ పరిశోధన 2013లో వెలువడింది. జనాన్ని గుంపులుగా విడదీయడంలో లోపాలు బయటపడితే, లెక్కలు సవరించి 2018లో మళ్ళీ ప్రచురించారు. ఆలివ్ నూనెనో, రోజుకు 30 గ్రాముల గింజలనో చేర్చిన భోజనం తిన్నవాళ్ళకు, కొవ్వు తగ్గించుకొమ్మని సలహా పొందినవాళ్ళకన్నా గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు తక్కువగా వచ్చాయి. దీన్నిబట్టి కొవ్వంతా శత్రువన్న మాట నిలబడదు. ఆలివ్ నూనె ఒక్కటే మంచిదన్న మాట కూడా దీన్నుంచి రాదు. స్పెయిన్ జనానికి ఆలివ్ సొంత చేలల్లో పండే పంట. ఆ పరిశోధన ఆలివ్‌ను వేరుశనగ నూనెతోనో కుసుమ నూనెతోనో పోల్చలేదు.

పోల్చి చూస్తే తేడా అనుకున్నంత లేదు. ఆలివ్ నూనెలో హద్దు మీరకూడని సంతృప్త కొవ్వు సుమారు 14 శాతం, మేలైనదని పేరున్న ఒలీయిక్ ఆమ్లం 70 శాతం పైన. వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు ఐదో వంతుకు లోపే, ఒలీయిక్ ఆమ్లం దాదాపు సగం. నువ్వుల నూనెలో సంతృప్త కొవ్వు 15 శాతం ప్రాంతంలో ఉంటే, మిగిలినది ఒలీయిక్, లినోలియిక్ ఆమ్లాలుగా దాదాపు సమంగా ఉంటుంది. కుసుమ నూనెలో సంతృప్త కొవ్వు పదో వంతుకు అటూ ఇటూ, లినోలియిక్ ఆమ్లం నాలుగింట మూడు వంతులు. ఒలీయిక్ ఆమ్లమే కావాలన్నా సముద్రాలు దాటక్కర్లేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 వేరుశనగ రకాల నూనెలో అది 80 శాతం ప్రాంతంలో ఉంటుంది.

మన వంటనూనెలో అసలు మార్పు జరిగింది వేరేచోట. నూనెగింజల సాంకేతిక మిషన్ 1986లో మొదలై, 1990ల తొలి రోజులకు దేశాన్ని వంటనూనెల్లో స్వయంసమృద్ధికి చేరువ చేసింది. 1994లో పామాయిల్ నుంచి తీసే పామోలిన్ దిగుమతికి తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశీ సరుకే, అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ దుకాణాలే దాన్ని ఇంటింటికీ చేర్చాయి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. సీసా మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని అచ్చేస్తే జనం నమ్ముతున్నారు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్టరాల్ లెక్కించదగినంత ఉండదు కాబట్టి ఆ అచ్చుకు విలువ లేదు. పేదల పళ్ళెంలో పోటీ వేరుశనగకూ పామాయిల్‌కూ మధ్య నడుస్తుంటే, సలహాలు మాత్రం ఆలివ్ చుట్టూ తిరుగుతున్నాయి.

ఇక గింజలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలోకేలరీల భోజనంలో గింజలు, నూనెగింజలు కలిపి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి ఈ లెక్కన నెలకు 4.2 కిలోల గింజలు కావాలి. అవి కాలిఫోర్నియా బాదం గింజలైతే కూలి కుటుంబం ఆ మాటే ఎత్తదు. పల్లీలు, నువ్వులు, అవిసెలైతే అది నెలసరి సరుకుల చీటీలో పట్టే బరువు. బాదమే మంచి గింజ అని చెప్పినప్పుడు పేద ఇల్లాలు బాదం కొనదు సరికదా, పల్లీలకూ విలువ లేదనుకుని మానేస్తుంది.

పోషకాల్లో పల్లీ బాదానికి తీసిపోయేది కొద్దిగానే. వంద గ్రాముల పల్లీల్లో మాంసకృత్తులు 24 నుంచి 26 గ్రాములు, బాదంలో 18 నుంచి 21 గ్రాములు. విటమిన్ ఇ, కాల్షియం, పీచు బాదంలో ఎక్కువ. 2015లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలనూ షాంఘై వాసులనూ కలిపి రెండు లక్షల మందికి పైగా పరిశీలించింది. వాళ్ళు తిన్న గింజల్లో ఎక్కువ భాగం వేరుశనగే. ఎక్కువగా తిన్నవాళ్ళలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు, తక్కువగా కనిపించాయి. 2017 నాటి మరో అమెరికా అధ్యయనంలో వారానికి రెండుసార్లో అంతకన్నా ఎక్కువో పల్లీలు తిన్నవాళ్ళకు గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 13 శాతం తక్కువ. బాదం వంటి చెట్టు గింజలు తిన్నవాళ్ళకు 15 శాతం తక్కువ. ఇవి జనం అలవాట్లను గమనించి వేసిన లెక్కలే, కారణాన్ని రుజువు చేసినవి కావు. కానీ బాదానికి అనుకూలంగా ఉదహరించే సాక్ష్యమూ చాలావరకు ఇదే తరహాది. ఒకదానికి ఒప్పుకున్న సాక్ష్యాన్ని రెండోదానికి కాదనడం న్యాయం కాదు. పైత్యం మాటకొస్తే, పచ్చి పల్లీలు అతిగా తింటే అరగడం కష్టమే. ఉడికించో వేయించో పిడికెడు తినేవాళ్ళకు ఆ భయం అక్కర్లేదు.

ఒమేగా-3 కోసం అక్రోటు తినమంటారు. వంద గ్రాముల అక్రోటులో ఆ కొవ్వు సుమారు 9 గ్రాములుంటే, అవిసెల్లో దానికి రెట్టింపు పైనే ఉంటుంది. అవిసెలను గింజగా మింగితే చాలావరకు అరగకుండా బయటికి పోతాయి, నూరితేనే ఒంటికి పడతాయి. వేయించి పొడి కొట్టి రొట్టెతో తినే పద్ధతి ఆ అవసరాన్ని తీరుస్తుంది. కుసుమ, నువ్వుల నూనెల్లో ఒమేగా-3 లేనట్టే కాబట్టి, వాటితో వండే ఇంట్లో అవిసెల పొడి లోటు పూడుస్తుంది. పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల ప్రాంతంలో కాల్షియం ఉన్నా, పొట్టులోని ఆక్జలేట్ వల్ల అందులో కొంతే ఒంటబడుతుంది. అందుకే నువ్వులు పాలకు తోడుగా నిలుస్తాయి గాని, పాల స్థానాన్ని తీసుకోలేవు.

పాల విషయంలో రెండు అపోహలున్నాయి. వెన్న తగ్గించిన టోన్డ్ పాలు ఆరోగ్యం కోసమే పుట్టాయనేది మొదటిది. 1940లలో బొంబాయిలో పాల సరఫరా అధికారి డి.ఎన్. ఖురోడీ గేదె పాలలో వెన్న తీసిన పాలపొడి, నీళ్ళు కలిపించింది ఉన్న పాలను ఎక్కువమందికి అందించడానికి. ఇప్పటి ప్రమాణాల్లో టోన్డ్ పాలకు 3 శాతం కొవ్వు, డబుల్ టోన్డ్‌కు 1.5 శాతం. వెన్న తీసినా మాంసకృత్తులు, కాల్షియం పోవు గనుక అవి పనికిరానివనడమూ తప్పే. గేదె పాలు విషమన్నది రెండో అపోహ. ఆరున్నర శాతం కొవ్వున్న గేదె పాలు 300 మిల్లీలీటర్లు తాగితే సుమారు 20 గ్రాముల కొవ్వు, అందులో 12 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు వస్తుంది. సంతృప్త కొవ్వు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2,000 కిలోకేలరీలకు అది 22 గ్రాములు. కూర్చుని పనిచేసే పెద్దవాళ్ళు మీగడ తీసిన పాలు, మజ్జిగ ఎంచుకుంటే ఈ హద్దులో తేలిగ్గా ఉంటారు. ఎదిగే పిల్లలకు, పొలంలో ఒళ్ళు వంచే వాళ్ళకు మీగడ పాలతో చిక్కు లేదు. రెండేళ్ళలోపు పిల్లలకు వెన్న తీసిన పాలు పట్టకూడదు. పాలు పడని పెద్దవాళ్ళకు పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి. ప్యాకెట్లలో అమ్మే బాదం పాలలో బాదం కొద్ది శాతమే. మాంసకృత్తుల్లో అవి ఆవు పాల దరిదాపుల్లోకి రావు.

తెలుగునాట ఈ చర్చ రెండు కొసలకు వెళ్ళింది. నూనె, ఉప్పు లేని వంటను మంతెన సత్యనారాయణరాజు ప్రచారం చేశారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకొమ్మని వీరమాచనేని రామకృష్ణ చెప్పారు. ఇద్దరి వెంటా వేల కుటుంబాలు నడిచాయి. మొదటి దారిలో ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టడానికి కావలసిన కొవ్వుకే కొరత రావచ్చు. రెండో దారిలో కొబ్బరి నూనె, నెయ్యి ఎక్కువైతే సంతృప్త కొవ్వు హద్దు ఒక్క పూటలోనే దాటిపోతుంది. కొబ్బరి నూనెలో అది 80 శాతం పైన, నెయ్యిలో 60 శాతం పైన ఉంటుంది.

ఊరి కొవ్వుల మీద న్యాయమైన అభ్యంతరాలూ ఉన్నాయి. మొదటిది ఆఫ్లటాక్సిన్. పంట చివర బెట్ట వచ్చినా, కోత వేళ వాన తడిపినా, తడి ఆరకుండా నిల్వ చేసినా వేరుశనగకు ఆస్పర్జిల్లస్ బూజు పట్టి, కాలేయాన్ని దెబ్బతీసే ఈ విషం చేరుతుంది. మామూలుగా వేయిస్తే అది పూర్తిగా పోదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. కాయలను బాగా ఎండబెట్టాలి. నూనె ఆడినప్పుడు ఈ విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోయినా, కొంత నూనెలోకి దిగుతుంది. రిఫైనరీల్లో క్షారంతో శుద్ధి చేసే దశలో అది చాలావరకు పోతుంది. గానుగ నూనె ఎల్లవేళలా శ్రేష్ఠమన్న మాట అందుకే చెల్లదు. మంచి గింజ ఆడించినప్పుడే అది మంచి నూనె.

రెండో అభ్యంతరం మోతాదు. ఏ నూనెదైనా గ్రాముకు 9 కిలోకేలరీలే. పొడుల పేరుతో ఉప్పు, గింజల పేరుతో బెల్లం పాకం ఎక్కువైనా చిక్కే. మరిగిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ మిరపకాయ బజ్జీలు వేస్తే ఎంత మంచి నూనైనా చెడుతుంది. వాడిన నూనెలో, పదే పదే కాగినప్పుడు పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం మించకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. ఈ అభ్యంతరాలన్నీ జాగ్రత్తను కోరేవి. బాదం కొనమని ఏదీ చెప్పదు.

ఈ అపోహ ప్రభుత్వ విధానాల దాకా వెళ్తుంది. బళ్ళలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు లేదా పల్లీ చిక్కీ ఇచ్చిన కర్ణాటక 2025లో చిక్కీని ఆపింది. చెప్పిన కారణాల్లో చక్కెర, కొవ్వు ఎక్కువన్నది ఒకటి. చక్కెర మీద అభ్యంతరం సబబే. పల్లీలోని కొవ్వును నేరంగా చూడడం సబబు కాదు. వెనుకబాటు పోగొట్టేందుకు 2018లో కేంద్రం గుర్తించిన ఆకాంక్ష జిల్లాల్లో రాయచూరు ఒకటి. పోషణలో వెనుకబడిన ఇలాంటి జిల్లాలో పిల్లల పళ్ళెం నుంచి పల్లీ తీసేయడం కన్నా, బెల్లం తగ్గించి ఉడికించిన పల్లీలు పెట్టడం మేలు.

తీర్పు ఇది. జొన్న రొట్టె మీద చెంచాడు అవిసెల పొడి, రోజుకు పిడికెడు ఏరిన పల్లీలు, మార్చి మార్చి వాడే వేరుశనగ, నువ్వుల, కుసుమ నూనెలు మనిషికి ఐదారు చెంచాలు, గ్లాసు పాలు, గ్లాసు మజ్జిగ. ఇంతకు మించి మంచి కొవ్వు కోసం ఖర్చు పెట్టనక్కర్లేదు. స్తోమత ఉన్నవాళ్ళు బాదం తింటే తప్పు లేదు. అది తినలేనివాళ్ళకు ఆరోగ్యం అందదని చెప్పడమే తప్పు. వైద్యులు, ఆహార సలహాదారులు, అంగన్వాడీ కార్యకర్తలు చీటీ రాసేటప్పుడు ముందు ఆ ఇంటి పొలంలో, ఆ ఊరి సంతలో ఏం దొరుకుతుందో అడిగి రాయాలి.