‘మా భూమి’ని మరల జూచి

గత మాసమున మహబూబాబాదు సోదరి యొకరు ఈ శీర్షికకు జాబు వ్రాయుచు, “చిన్ననాట జూచిన ‘మా భూమి’ చలనచిత్రమును గూర్చి మీరేల వ్రాయరు? నాకు గద్దరు పాట తప్ప మఱేమియు జ్ఞప్తికి వచ్చుట లేదు” అని యడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. ఆ పాట నెఱుగనివారు మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో నుండరు. ఆ చిత్రమును మొదటినుండి తుదివఱకు జూచినవారు మాత్రము, ముఖ్యముగా నలుబదియేండ్ల లోపువారిలో, మిక్కిలి యరుదు. కావున ఒక ఆదివారము పనులు ముగించుకొని, ఇంటిలోని టీవీలో దానిని మరల జూచితిని.

తెలియని చెల్లెండ్రకొఱకు కొంచెము చెప్పవలెను. చిత్రము 1979లో నిర్మింపబడినది. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ గార్లు. దర్శకుడు బెంగాలీయుడైన గౌతం ఘోష్. ఆయనకిది మొదటి కథాచిత్రము. కథకు మూలము కిషన్ చందర్ వ్రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ యను ఉర్దూ నవల. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రచించిన ‘మా భూమి’ నాటకమునకును దీనికిని పేరొక్కటే గాని కథ వేఱు. రెంటిని ఒకటిగా దలచువారు పలువురు గలరు గనుక ఈ మాట చెప్పితిని. నాయకుడైన రామయ్య పాత్రను ధరించినది సాయిచంద్. రచయిత త్రిపురనేని గోపీచంద్ గారి కుమారుడు. మెదకు జిల్లా మంగళపర్తి గ్రామమున, నలుపు తెలుపులలో తీసిరి.

దీనిని యుద్ధచిత్ర మనవచ్చునా యని కొందఱు సందేహింతురు. ఇందు విమానములు లేవు, సరిహద్దులు లేవు. కాని 1946 నుండి 1951 వఱకు మన పల్లెలలో జరిగినది యుద్ధము కాక మఱేమి? దాని రణరంగము వరిమడి, కళ్ళము, గడి వాకిలి. జనగామ తాలూకా కడివెండిలో 1946 జూలై 4న విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకి గుండునకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. అంతవఱకు వెట్టిచాకిరి మాన్పుడని వేడుకొనిన ప్రజలు నాటినుండి గుత్పలు, వడిసెలలు, పిమ్మట తుపాకులు పట్టిరి. పుచ్చలపల్లి సుందరయ్యగారి గ్రంథము ప్రకారము దాదాపు 3,000 గ్రామములలో పది లక్షల యెకరముల భూమి పంచబడెను. నాలుగువేలమంది ప్రాణములు గోల్పోయిరి.

నేను మొదటిసారి ఈ చిత్రమును జూచినది జనగామలో, కళాశాలలో జదువుకొను దినములలో. మా పెద్దమ్మ, ఆమె కుమారులు, నేను కలసి పోయితిమి. కొమరయ్య మరణించిన నాటికి మా పెద్దమ్మకు పదునాలుగేండ్లు. ఆ కాలపు ముచ్చట అడిగిన యెడల లేచి వంటయింటిలోనికి బోయెడిది. ఇంటికి తిరిగి వచ్చుచుండగా అన్నలిద్దఱు రజాకార్లతోడి పోరును, గద్దరు గొంగడి, కఱ్ఱ, చిందు వేసిన తీరును వర్ణించుచు నడచిరి. పెద్దమ్మ చాలసేపు మాటాడలేదు. రైలుకట్ట దాటిన పిమ్మట, “అంత మంచిగనే ఉన్నది గని, గా పిల్ల ఏమాయెనే?” అని నన్నడిగెను. ఎవరును బదులు చెప్పలేదు.

‘గా పిల్ల’ యనగా చంద్రి. రామయ్య వలచిన లంబాడి యువతి. ఆమె దొర కోర్కెకు లోబడవలసి వచ్చును. అది రామయ్యకు సహింపరానిదై ఊరు విడిచిపోవును. సూర్యాపేట, పిదప హైదరాబాదు. అచ్చట కార్మిక నాయకుడైన మక్బూలు స్నేహమున లోకజ్ఞానము కలుగును. తిరిగి వచ్చి తన పల్లెను మేల్కొల్పును. ఈ మార్పును దర్శకుడు మిక్కిలి ఓర్పుతో, నమ్మదగునట్లు చూపినాడు. పట్నపు దృశ్యములు నేడును చెక్కుచెదరలేదు. అయినను ఈసారి నా చూపు పెద్దమ్మ యడిగిన చోటనే నిలిచినది. అవమానము జరిగినది ఆమెకు; దానివలన బయలుదేరి లోకము జూచినవాడు అతడు. కథ యతని వెంటనే నడచును గాని యామె వెంట నడువదు.

ఇది ఈ ఒక్క చిత్రపు లోపమని నేననను. ఆ కాలమున పోరాటమును గూర్చి వ్రాసిన పుస్తకములలోను స్త్రీల పేర్లు పుటల యడుగుననే యుండెడివి. ఆశ్చర్యమేమనగా, చిత్రము తీయుచున్న నాటికి ఆ స్త్రీలు మన నడుమనే యున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సజీవురాలై యుండెను. కౌలుకు దున్నుకొనుచున్న నాలుగెకరముల పంటను విసునూరు దొర మనుష్యులు కోసికొనిపోవ వచ్చినపుడు, సంఘమువారి తోడ్పాటున ఆ వడ్లను తన యింటికే చేర్చుకొన్న ఐలమ్మ! ఆమె 1985 సెప్టెంబరు 10న గతించినది. పదివేల రూపాయల బహుమానము తలపై మోసిన మల్లు స్వరాజ్యము గారు 1978 ఎన్నికలలో గెలిచి తుంగతుర్తి శాసనసభ్యురాలుగా నుండిరి. సినిమాకు పోయిన మాలో నెవరికిని ఆ సంగతి తోచలేదు. పాలకుర్తి జనగామకు బస్సు దూరమే గదా!

నరసింగరావుగారు మాత్రము ఆ ప్రశ్నను విడువలేదని నా యభిప్రాయము. 1988లో ఆయన స్వయముగా ‘దాసి’కి దర్శకత్వము వహించి, గడిలో చిక్కుకొన్న పరిచారిక బ్రదుకునే కథగా జేసికొన్నారు. అందు నటించిన అర్చనకు జాతీయ ఉత్తమనటి బహుమానము లభించినది. ‘మా భూమి’ చూచిన వారము లోపలనే ‘దాసి’ని జూచుట మంచిది. మొదటి చిత్రము గడి వాకిలి బయట నిలిచి చెప్పిన కథకు, రెండవది లోపలినుండి చెప్పిన జవాబువలె నుండును.

మహబూబాబాదు, భూపాలపల్లి సోదరీమణులకు మఱియొక కొఱత కనబడక మానదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదులో ప్రవేశించుటయు, పరారియైన దొర మరల ఊరు జేరుటయు చిత్రములో తుది ఘట్టములు. మీ ప్రాంతమున కథ అప్పుడే గదా మొదలైనది! మైదానమున నిలువలేక దళములు పాకాల, ములుగు, మానుకోట అడవులకు, గోదావరి యొడ్డునకు జరిగెను. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడువఱకు మూడేండ్లు అడవియే వారి యిల్లు. నేడు బొగ్గు గనుల పేర వినబడు భూపాలపల్లి చుట్టుపట్ల యడవులలో నాడు తలదాచుకొన్న వారి సంగతి ఏ చిత్రమును ఇంత శ్రద్ధతో చెప్పలేదు.

ఆ భాగమును తెలిసికొన గోరువారు స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను సంపాదింపుడు. పోరాటములో పాల్గొన్న స్త్రీలు తమ నోట చెప్పినవే యందు గలవు. ఐలమ్మ, స్వరాజ్యము గార్లు కూడ మాటాడినారు. కమలమ్మ యను నామె యడవిదళములో నుండగా బిడ్డను గని, పసిబిడ్డ యేడుపు దళమునకే ముప్పగునన్న కారణమున ఆ బిడ్డను ఇతరుల చేతిలో బెట్టవలసి వచ్చిన సంగతి చదివినపుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. సినిమాలో తుపాకి ప్రేలిన చప్పు డేదియు నన్ను అంతగా కదిలింపలేదు.

ఇంతజెప్పి చిత్రమును తక్కువ చేసితి నని యెవరును అనుకొనవలదు. వింజమూరి సీతగారి సంగీతము, సుద్దాల హనుమంతు వ్రాసిన పసులకాపరి బాలుని పాటను సంధ్య పాడిన తీరు, బండి యాదగిరి పాటకు గద్దరు ఊపిరి పోసిన తీరు, ఇవి విని మనసు చలింపని తెలంగాణము బిడ్డ యుండదు. గద్దరు 2023 ఆగస్టు 6న కన్నుమూసిన దినమున ఊరూర మ్రోగినది ఆ గొంతే.

పిల్లలతో కూడి చూడదలచినవారికి రెండు మాటలు. ఇది రెండున్నర గంటల చిత్రము. మొదటి యరగంట నెమ్మదిగా నడచును, ఓపిక పట్టవలెను. తొమ్మిదవ తరగతికి పైబడిన బాలబాలికలకు నిస్సంశయముగా జూపవచ్చును. అంతకు చిన్నవారికి చంద్రి ఘట్టము తగదు. పాత ప్రతి యగుటచే అక్కడక్కడ మాటలు స్పష్టముగా వినబడవు. ఇంటిలో ఎనుబదియేండ్లు దాటిన పెద్దలున్నచో, ప్రక్కన కూర్చుండ బెట్టుకొనుడు. వెట్టి, నాగు, గడి వంటి పదముల యర్థములు వారినే యడుగుడు. వారు చెప్పుచుండగా టీవీని ఆపుడు.